కిర్రుమన్న తుంటి కీలు

భోజనాల బల్ల దగ్గర భర్త కాస్త ముందుకు వంగితే చాలు, భార్య అక్కణ్నుంచి లేచి వెళ్లిపోయేది. గొడవేమీ లేదు. భర్త తుంటిలోంచి వచ్చే కిర్రుమనే చప్పుడు భరించలేకే అలా చేసేది. అరిగిపోయిన తుంటి కీలులో ఎముక బంతిని తీసేయించుకుని, దాని బదులు యాక్రిలిక్ ప్లాస్టిక్ బంతి పెట్టించుకున్నాడతను. పారిస్‌లో జూడే సోదరులనే ఇద్దరు సర్జన్లు తయారుచేసిన ఆ బంతికి అప్పట్లో యూరప్‌లో మంచి పేరుండేది. కానీ నూనె వేయని తలుపు బందులా అది కదిలినప్పుడల్లా మోగేది.

ఇది 1950ల నాటి మాట. ఈ సంగతి ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో జాన్ చార్న్‌లీ అనే ఎముకల డాక్టరు చెవిన పడింది. ఇంకొకరైతే నవ్వుకుని మర్చిపోయేవారు. ఆయన మర్చిపోలేదు. చప్పుడు వస్తోందంటే లోపల ఒరిపిడి ఉన్నట్టే. ఒరిపిడి ఉందంటే, మనిషి వేసే ప్రతి అడుగుకూ ఆ బంతి తన కాడను ఎముకలో అటూ ఇటూ తిప్పుతున్నట్టే. ఇవాళ కాకపోతే రేపైనా కాడ వదులవుతుంది, నొప్పి తిరగబెడుతుంది. అప్పటి కృత్రిమ కీళ్లు ఎక్కువ కాలం ఎందుకు నిలవడం లేదో ఆయనకు అక్కడ పట్టు దొరికింది.

మన ఇళ్లల్లో ఇవాళ తాతయ్యకో అత్తయ్యకో తుంటి కీలు మార్పించి, నెల తిరక్కుండానే నడిపిస్తున్నామంటే దాని మూలం ఆ ఆలోచనలోనే ఉంది. అయితే ఆ చప్పుడు నుంచి ఈ నడక దాకా వచ్చిన దారి సాఫీగా లేదు. మధ్యలో దాదాపు మూడు వందల మంది రోగుల విషయంలో చార్న్‌లీ లెక్క తప్పింది. ఆ తప్పును ఆయన ఎలా దిద్దుకున్నారన్నదే ఈ కథలో అసలు భాగం.

మందుల షాపు నుంచి లేత్ మిషన్ దాకా

చార్న్‌లీ 1911 ఆగస్టు 29న మాంచెస్టర్ పక్కనే ఉన్న బరీ పట్టణంలో పుట్టారు. తండ్రికి మందుల షాపు, తల్లి నర్సు. మాంచెస్టర్ యూనివర్సిటీలో మెడిసిన్ చదివి 1935లో డాక్టరయ్యారు. ఆ మరుసటి ఏడాదే సర్జన్లకు ఇచ్చే ఎఫ్ఆర్‌సీఎస్ కూడా సంపాదించారు. రెండో ప్రపంచ యుద్ధంలో సైనిక వైద్యుడిగా చేరి, కైరోలోని సైనిక ఆర్థోపెడిక్ కేంద్రానికి వెళ్లారు. అక్కడ గాయపడ్డ సైనికుల కాళ్లకు కావలసిన చట్రాలు, సాధనాలు సైన్యపు వర్క్‌షాపులోనే చేయించాల్సి వచ్చేది. ఇనుము, స్క్రూలు, కొలతలు అంటే ఆయనకు మొదటి నుంచీ ఇష్టం. ఇంజినీర్లతో, ఫిట్టర్లతో కూర్చుని మాట్లాడే అలవాటు అక్కడ స్థిరపడింది. తర్వాతి రోజుల్లో ఇంట్లోనే లేత్ మిషన్ పెట్టుకున్న సర్జన్ ఆయన.

యుద్ధం ముగిశాక 1946లో ఓస్వెస్ట్రీ అనే ఊళ్లోని ఎముకల ఆస్పత్రిలో కొన్నాళ్లు పనిచేశారు. ఆయన మొండితనం ఏపాటిదో అక్కడివాళ్లకు తెలిసొచ్చింది. ఒకచోటి నుంచి తీసి మరోచోట అతికించిన ఎముక ముక్క ఎలా బతుకుతుందో తేల్చుకోవాలని, తన మోకాలి కింది ఎముక మీదే ఆపరేషన్ చేయించుకున్నారు. గాయం చీము పట్టింది. ఎముకకు ఇన్ఫెక్షన్ సోకి మళ్లీ ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. ఇందులో మెచ్చుకోవాల్సింది ఏముందని అడిగితే చెప్పలేను. కానీ ఎముక దాకా ఇన్ఫెక్షన్ పాకితే ఎలా ఉంటుందో ఆయనకు పుస్తకాల్లో చదివి తెలిసింది కాదని మాత్రం గుర్తుపెట్టుకోవాలి. ఇరవై ఏళ్ల తర్వాత ఆపరేషన్ థియేటర్‌లో గాలి గురించి ఆయన పడిన తపన చూస్తే ఆ కాలే గుర్తుకొస్తుంది.

వంకర కట్టులో తిన్నని ఎముక

కీలు మార్పిడి కన్నా ముందే చార్న్‌లీ పేరు ఎముకల డాక్టర్లందరికీ తెలిసింది. అందుకు కారణం 1950లో రాసిన పుస్తకం. విరిగిన ఎముకలను కోయకుండా, చేత్తో సరిచేసి పిండికట్టు వేయడం ఎలాగన్నదే అందులోని విషయం. అప్పటిదాకా అది గురువు చేతిని చూసి శిష్యుడు నేర్చుకునే విద్య. దాని వెనక ఉన్న లెక్కను చార్న్‌లీ విడమరిచి చెప్పారు.

ఎముక విరిగినప్పుడు చుట్టూ ఉండే కండ, పొరలు అన్నీ తెగిపోవు. సాధారణంగా ఒక పక్క చిరుగుతాయి, రెండో పక్క నిలబడి ఉంటాయి. ఆ నిలబడ్డ పక్క తలుపు బందులా పనిచేస్తుంది. డాక్టరు ఎముకను సర్ది, ఆ బందు బిగువుగా ఉండేలా కాలినో చేతినో పట్టి ఉంచితే విరిగిన ముక్కలు ఒకదానికొకటి ఆనుకుని కదలకుండా ఉంటాయి. అలా పట్టి ఉంచాలంటే కట్టు మూడు చోట్ల నొక్కాలి. విరుపుకు పైన ఒకచోట, కింద ఒకచోట, ఎదురు పక్క నుంచి ఇంకోచోట. మూడు చోట్ల నొక్కిన కట్టు చూడ్డానికి కాస్త వంకరగానే ఉంటుంది. పిల్లాడి చేతికి వేసిన కట్టు వంకరగా ఉందని కంగారుపడే తల్లిదండ్రులు ఇప్పటికీ ఉన్నారు. కట్టు ఆకారం చూసి లోపలి ఎముకను అంచనా వేయలేం. నున్నగా, తిన్నగా ఉన్న కట్టులో ఎముక పక్కకు జరిగి ఉండొచ్చు, వంకర కట్టులో తిన్నగా ఉండొచ్చు. అది తేలేది ఎక్స్‌రేలోనే. అందుకే కట్టు వేశాక మళ్లీ ఎక్స్‌రే తీయిస్తారు.

కోతకు తొందరపడని ఈ మనిషే తర్వాత ప్రపంచంలో అతి ఎక్కువగా జరిగే పెద్ద ఆపరేషన్లలో ఒకదానికి రూపమిచ్చారు.

తుంటి ముందున్న దారులు

తుంటి కీలులో తొడ ఎముక తల గుండ్రటి బంతిలా ఉంటుంది. అది కటి ఎముకలోని గిన్నెలో కూర్చుని తిరుగుతుంది. రెండింటి మీదా నున్నటి మృదులాస్థి పొర ఉంటుంది. మన పెద్దవాళ్లు గుజ్జు అరిగిపోయిందనేది దీని గురించే. అది అరిగితే ఎముక ఎముకను రాసుకుంటుంది.

ఈ నొప్పి అందరికీ తుంటి దగ్గరే తెలియదు. గజ్జలో మొదలై తొడ ముందు భాగం మీదుగా మోకాలి దాకా దిగుతుంది. కొందరికి మోకాలే నొప్పి అనిపిస్తుంది. మోకాలి ఎక్స్‌రేలు పదే పదే తీయించుకుని, అసలు జబ్బు తుంటిలో ఉందని ఆలస్యంగా తెలుసుకునేవాళ్లున్నారు. వంగి కాలిగోళ్లు తీసుకోలేకపోవడం, సాక్స్ వేసుకోలేకపోవడం, కారులోకి కాలు ఎత్తి పెట్టలేకపోవడం లాంటివి కనిపిస్తే తుంటిని కూడా చూడమని డాక్టర్ని అడగాలి.

చార్న్‌లీ దగ్గరకు అలాంటి రోగులు ఏళ్ల తరబడి నొప్పిని మోసుకుంటూ వచ్చేవారు. రాత్రి నిద్రపట్టనివారు, రెండు కర్రల సాయంతోనూ పది అడుగులు వేయలేనివారు. అప్పటికి నమ్మకమైన ఆపరేషన్ అంటే కీలును అతికించేయడమే. బంతినీ గిన్నెనూ కలిపి ఒకే ఎముకలా చేసేస్తారు. నొప్పి పోతుంది, కదలికా పోతుంది. ఆ అతుకుడు ఆపరేషన్లలోనూ చార్న్‌లీ నేర్పరే. ఎముక చివరలను క్లాంపులతో గట్టిగా అదిమి ఉంచితే వారాల్లోనే కలుస్తాయని మోకాలి విషయంలో చూపించింది ఆయనే. అయినా తుంటిని అతికించడం ఆయనకు తృప్తినివ్వలేదు.

కృత్రిమ కీలు ఆలోచన ఆయన కనిపెట్టింది కాదు. 1938లోనే లండన్‌లో ఫిలిప్ వైల్స్ అనే సర్జన్ ఉక్కు బంతి, ఉక్కు గిన్నె అమర్చి చూశారు. నార్విచ్‌లో మెక్‌కీ కూడా లోహంతోనే ప్రయత్నిస్తున్నారు. చార్న్‌లీ మాత్రం ముందు ఒరిపిడిని కొలవాలనుకున్నారు. ఆపరేషన్లలో తొలగించిన కాళ్ల కీళ్లను తెచ్చి పరికరంలో బిగించి పరీక్షించారు. మంచు మీద స్కేటు జారేటప్పుడు ఉండే ఒరిపిడి కన్నా ఆరోగ్యమైన కీలులో ఒరిపిడి తక్కువని తేలింది. ఆ నునుపంతా కీలులోని ద్రవం వల్లనే కాదు, ప్రధానంగా మృదులాస్థి గుణమని ఆయన అర్థం చేసుకున్నారు. ఉక్కుకో యాక్రిలిక్‌కో అదే ద్రవం తగిలినా ఆ నునుపు రాదు. కాబట్టి స్వతహాగా జారే పదార్థం కావాలి.

అలాంటిదొకటి అప్పటికే ఉంది. ఇవాళ మన నాన్‌స్టిక్ దోశ పెనం మీద ఉండే పూత, టెఫ్లాన్.

మూడు వందల తుంట్లు

మొదట అరిగిన బంతికీ గిన్నెకూ టెఫ్లాన్ తొడుగులు వేసి చూశారు. తొడుగు కింద బంతికి రక్తం అందక అది దెబ్బతింది. తర్వాత బంతిని పూర్తిగా తీసేసి ఉక్కు బంతి పెట్టి, గిన్నెను టెఫ్లాన్‌తో చేశారు. ఆ గిన్నెలను తనే ఇంట్లో లేత్ మీద తిప్పి చేసుకున్న సందర్భాలున్నాయి. బంతి ఎంత చిన్నదైతే ఒరిపిడి దాన్ని మెలితిప్పే బలం అంత తగ్గుతుంది. బండి ఇరుసు సన్నగా ఉంటే చక్రం తేలిగ్గా తిరిగినట్టే. అందుకని బంతిని తగ్గిస్తూ తగ్గిస్తూ చివరికి సుమారు 22 మిల్లీమీటర్లకు తెచ్చారు. సహజమైన తుంటి బంతి దానికి రెట్టింపు ఉంటుంది.

కాడను ఎముకలో నిలబెట్టడానికి మాంచెస్టర్ దంతవైద్య కళాశాలలో పనిచేసే డెనిస్ స్మిత్ సలహాతో, కట్టుడు పళ్లకు వాడే యాక్రిలిక్‌ను వాడారు. ఇప్పటికీ బోన్ సిమెంట్ అంటున్నది దీన్నే. ఇది జిగురు కాదు. దర్వాజాకూ గోడకూ మధ్య సందుల్లో సిమెంటు కూరినట్టు కాడకూ ఎముకకూ మధ్య ఉన్న ప్రతి సందునూ నింపుతుంది. బరువు ఒకచోట పడకుండా ఎముకంతా పంచుకుంటుంది.

ఫలితం చూసినవాళ్లు ఆశ్చర్యపోయారు. ఏళ్లుగా మంచం పట్టినవారు కొన్ని వారాల్లో లేచి నడిచారు. నొప్పి లేదు. 1950ల చివర మొదలుపెట్టి మూడు నాలుగేళ్లలో దాదాపు మూడు వందల మందికి టెఫ్లాన్ గిన్నెలు వేశారు. మాంచెస్టర్‌కు దూరంగా, విగన్ పట్టణం దగ్గర రైటింగ్టన్ అనే ఆస్పత్రి ఉంది. క్షయ రోగుల కోసం కట్టింది. స్ట్రెప్టోమైసిన్ వచ్చాక అక్కడ పడకలు ఖాళీ అవుతున్నాయి. 1961లో అక్కడే తుంటి కీళ్లకు ప్రత్యేక కేంద్రం ఏర్పాటైంది.

సరిగ్గా అప్పుడే వచ్చిన రోగులు మళ్లీ రావడం మొదలుపెట్టారు. నొప్పి తిరగబెట్టింది. ఎక్స్‌రేలు చూస్తే ఉక్కు బంతి టెఫ్లాన్ గిన్నెను తొలుచుకుంటూ లోపలికి దిగుతోంది. టెఫ్లాన్ జారుడుగా ఉంటుంది, నిజమే. కానీ మెత్తన. చిన్న బంతి మీద మనిషి బరువంతా పడితే అది రెండు మూడేళ్లలోనే అరిగిపోతోంది. అంతకన్నా పెద్ద ప్రమాదం అరిగిన పొడితో వచ్చింది. ఆ పొడికి శరీరం ఎదురుతిరిగి, కీలు చుట్టూ జున్నులా తెల్లటి ముద్ద పేరుకుంది. ఆ ముద్ద ఎముకను తినేస్తోంది.

పదార్థాన్ని మిషన్‌లో పెట్టి లక్షల సార్లు తిప్పి అరుగుదల చూడకుండానే మనుషుల్లో పెట్టడం ఆయన చేసిన పొరపాటు. దాన్ని ఆయన కప్పిపుచ్చుకోలేదు. టెఫ్లాన్ విఫలమైందని వైద్యలోకానికి బాహాటంగా చెప్పారు. ఆ రోగులను వదిలేయలేదు. దెబ్బతిన్న కీళ్లను మళ్లీ తెరిచి సరిచేసే పని చాలావరకు తనే చేశారు. మొదటిసారి కన్నా అది ఎంతో కష్టమైన ఆపరేషన్. ఎముక తరిగిపోయి ఉంటుంది, రోగికి నమ్మకమూ తరిగిపోయి ఉంటుంది. తన చేతి పనినే ఒక్కొక్కటిగా విప్పుకుంటూ పోవడం ఏ సర్జన్‌కైనా ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

గోరుతో గిల్లి వదిలేసిన ముక్క

ఈసారి అరుగుదలను కొలిచే మిషన్ సిద్ధమైంది. దాన్ని తయారుచేసి నడిపింది హ్యారీ క్రేవెన్ అనే టెక్నీషియన్. 1962 మేలో ప్లాస్టిక్ పళ్లచక్రాలు అమ్మే ప్రతినిధి ఒకరు రైటింగ్టన్‌కు వచ్చి ఒక ముక్క ఇచ్చారు. బట్టల మిల్లుల యంత్రాల్లో వాడే గట్టి పాలిథిలిన్ అది. క్రేవెన్ దాన్ని చార్న్‌లీకి చూపించారు. ఆయన బొటనవేలి గోరుతో గిల్లి చూసి, పనికిరాదని తేల్చేసి వెళ్లిపోయారు.

క్రేవెన్ మాత్రం పారేయలేదు. చార్న్‌లీ కోపెన్‌హాగన్ వెళ్లిన సమయంలో ఆ ముక్కను మిషన్‌లో బిగించి, రాత్రీ పగలూ నడిపించారు. డాక్టరు గారు తిరిగొచ్చేసరికి అది ఇంకా తిరుగుతూనే ఉంది. మూడు వారాల్లో అరిగింది, టెఫ్లాన్ ఒక్క రోజులో అరిగినంత కూడా లేదు. చార్న్‌లీ తన మొదటి తీర్పును వెనక్కి తీసుకున్నారు. సర్జన్ చెప్పింది పక్కనపెట్టి టెక్నీషియన్ చేసిన ఆ పరీక్ష లేకపోతే ఈ కథ టెఫ్లాన్‌తోనే ఆగిపోయేదేమో!

అయినా ఈసారి తొందరపడలేదు. టెఫ్లాన్ పొడినీ, కొత్త పాలిథిలిన్ పొడినీ తన తొడ చర్మం కిందకు సూదితో ఎక్కించుకుని నెలల తరబడి గమనించారు. టెఫ్లాన్ ఉన్నచోట చేతికి తగిలే గడ్డలు కట్టాయి. పాలిథిలిన్ ఉన్నచోట ఏమీ తెలియలేదు. ఈ ఫలితాన్ని 1963లో లాన్సెట్ పత్రికకు పంపారు. 1962 నవంబర్ నుంచే రోగులకు పాలిథిలిన్ గిన్నెలు వేయడం ఆరంభించారు. ఉక్కు బంతి, పాలిథిలిన్ గిన్నె, యాక్రిలిక్ సిమెంట్. ఇన్ని మార్పుల తర్వాత కూడా తుంటి మార్పిడికి పునాది ఇదే.

టెఫ్లాన్ నేర్పిన జాగ్రత్త తర్వాత ఆయన ప్రతి పనిలోనూ కనిపిస్తుంది. తన కీలును లీడ్స్‌లోని థాక్రే కంపెనీ తయారుచేసేది. అయితే రైటింగ్టన్ వచ్చి పద్ధతి నేర్చుకుని, ఆయన అనుమతి పొందిన సర్జన్లకు మాత్రమే అమ్మాలని ఏళ్ల తరబడి కట్టడి పెట్టారు. అహంకారమని విసుక్కున్నవారూ ఉన్నారు. ఆయనతో పనిచేయడం తేలిక కాదన్నది నిజమే. కానీ కొత్త వస్తువును పదేళ్లు చూడకుండా పదిమందికీ పంచితే ఏమవుతుందో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. చనిపోయాక తమ తుంటి కీలును పరీక్షకు ఇవ్వమని రోగులను బతికుండగానే అడిగేవారు. చాలామంది ఒప్పుకున్నారు. సిమెంట్ లోపల ఎలా ఉంది, గిన్నె ఎంత అరిగింది అన్నవి అలా కళ్లతో చూసి రాసుకున్నారు.

థియేటర్‌లో గాలి

తొలి రోజుల్లో వందమందిలో ఏడెనిమిది మందికి కీలులో ఇన్ఫెక్షన్ వచ్చేది. కృత్రిమ కీలుకు చీము పడితే మందులతో పోదు, చాలాసార్లు దాన్ని పీకేయాల్సిందే. గాలిలోని దుమ్ముతోపాటు సూక్ష్మజీవులు గాయంలో పడుతున్నాయని చార్న్‌లీ అనుమానం. ఆపరేషన్ బల్ల చుట్టూ అద్దాల గదిలాంటిది కట్టించి, వడపోసిన గాలిని పై నుంచి కిందికి నిరంతరం పంపే ఏర్పాటు చేయించారు. ఇందుకు సాయపడింది గాలి యంత్రాలు తయారుచేసే హోవర్త్ అనే ఇంజినీరు. సర్జన్ ఒంటి నుంచి, ఊపిరి నుంచి వచ్చే గాలిని గొట్టంతో బయటకు లాగేసే దుస్తులు కూడా తయారయ్యాయి. 1970 నాటికి ఇన్ఫెక్షన్లు వందకు ఒకటి అటూ ఇటూకు దిగాయి. ఆపరేషన్‌కు వెళ్లేముందు ఆస్పత్రిలో లామినార్ ఎయిర్ ఫ్లో థియేటర్ ఉందని చెబుతుంటారు కదా, అది అక్కడి నుంచి వచ్చిందే. ఇప్పుడు దానికి తోడు ఆపరేషన్‌కు ముందు యాంటీబయాటిక్ కూడా ఇస్తున్నారు.

మోకాలి మార్పిడికీ దారి ఇక్కడే పడింది. కెనడా నుంచి రైటింగ్టన్ వచ్చి పనిచేసిన ఫ్రాంక్ గన్‌స్టన్ అనే డాక్టరు, ఇదే ఉక్కు, పాలిథిలిన్, సిమెంట్‌లను మోకాలికి వాడి 1971లో ఫలితాలు ప్రచురించారు.

కుర్చీ మనుషుల కీలు, పీటల మనుషుల కీలు

చార్న్‌లీ రోగులు కుర్చీల మీద కూర్చునేవాళ్లు. మనం నేల మీద బాసింపట్టు వేసుకుని భోంచేసేవాళ్లం, గొంతుక్కూర్చుని పనులు చేసుకునేవాళ్లం. తుంటిని అంతగా మడిచినా మెలితిప్పినా కృత్రిమ బంతి గిన్నెలోంచి జారే ప్రమాదం ఉంటుంది. బంతి చిన్నదైన కొద్దీ ఆ ప్రమాదం ఎక్కువ. అందుకే ఇప్పుడు అంతకన్నా పెద్ద బంతులు వాడుతున్నారు. అయినా ఆపరేషన్ తర్వాత మొదటి వారాల్లో కింద కూర్చోవద్దని, ఇండియన్ టాయిలెట్ వాడవద్దని, ఎత్తు కుర్చీ వాడమని చెబుతుంటారు. ఎప్పటిదాకా అన్నది వేసిన కీలును బట్టి, చేసిన పద్ధతిని బట్టి మారుతుంది. పక్కింటివారి అనుభవం చూసి కాకుండా మీ సర్జన్‌నే అడగండి.

ఇక ఎన్నేళ్లు పనిచేస్తుందన్నది అందరూ అడిగే ప్రశ్న. అమెరికాలోని మేయో క్లినిక్‌లో 1969 నుంచి 1971 మధ్య వేసిన రెండు వేల చార్న్‌లీ కీళ్లను తర్వాత లెక్కగడితే, 25 ఏళ్లకు నూటికి దాదాపు ఎనభై కీళ్లు మళ్లీ ఆపరేషన్ అవసరం లేకుండా నిలిచే అవకాశం ఉందని తేలింది. మిగిలిన వాటిలో కొన్ని వదులవడానికి కారణం మళ్లీ అరుగుదలే. పాలిథిలిన్ నెమ్మదిగా అరిగినా, దాని పొడి కూడా ఏళ్ల మీద ఎముకను తింటుందని తర్వాత బయటపడింది. 1990ల చివర వచ్చిన కొత్తరకం పాలిథిలిన్ ఆ అరుగుదలను బాగా తగ్గించింది. పడి తుంటి విరిగిన పెద్దవాళ్లకు ఒక్కోసారి బంతిని మాత్రమే మార్చి, సహజమైన గిన్నెను అలాగే ఉంచుతారు. అది వేరే నిర్ణయం, వేరే లెక్క.

1974లో లాస్కర్ అవార్డు, 1975లో రాయల్ సొసైటీ సభ్యత్వం, 1977లో సర్ బిరుదు చార్న్‌లీని వెతుక్కుంటూ వచ్చాయి. 1982 ఆగస్టు 5న గుండెపోటుతో కన్నుమూశారు. డెబ్బై ఒకటో పుట్టినరోజుకు మూడు వారాలే ఉంది. ఆయన ఆపరేషన్ చేసిన రోగులను ఆ తర్వాత కూడా రైటింగ్టన్ డాక్టర్లు దశాబ్దాల పాటు పిలిపించి, ఎక్స్‌రేలు తీసి, గిన్నె ఎంత అరిగిందో కొలిచి రాసుకుంటూ వచ్చారు.